ఇసుక భయం తీర్చిన వడ్రంగి కొడుకు

1932 జూన్ నెల. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలో శాండ్‌విచ్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పక్కనే, సముద్రపు ఇసుక దిబ్బల మధ్య ప్రిన్సెస్ గోల్ఫ్ మైదానం. బ్రిటిష్ ఓపెన్ ఆడటానికి అక్కడికి వచ్చినవాళ్లలో జీన్ సారజెన్ ఒకరు. ముప్పై ఏళ్ల అమెరికన్. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ప్రాక్టీస్ చేసినన్ని రోజులూ ఆయన సంచిలో ఒక క్లబ్ మాత్రం తలకిందులుగా ఉండేది. మిగతావాటి తలలు పైకి కనిపిస్తుంటే దాని తల సంచి అడుగున దాక్కునేది. సాయంత్రం కాగానే దాన్ని ఓవర్‌కోటు కింద పెట్టుకుని హోటల్ గదికి పట్టుకుపోయేవారు.

అది దొంగ సరుకేమీ కాదు. తన చేత్తో తయారు చేసుకున్న పనిముట్టు. పోటీ మొదలుకాకముందే నలుగురి కళ్లలో పడితే, నిబంధనలు చూసే పెద్దలు అది వాడొద్దని అంటారేమోనని ఆయన భయం. ఆ భయానికి కారణం కూడా ఉంది. అంతకు ఏడాది ముందే ఒక కొత్త రకం క్లబ్‌ను వాళ్లు నిషేధించారు.

ఈ రోజు ప్రపంచంలో గోల్ఫ్ ఆడే ఎవరి సంచి తెరిచినా ఆ క్లబ్ వారసులు ఒకటో రెండో ఉంటాయి. దాని పేరు శాండ్ వెడ్జ్. కొత్త వెడ్జ్ కొనుక్కోవడానికి దుకాణానికి వెళ్లినవాళ్లు దాన్ని నేలకి ఆనించి, అటూ ఇటూ తిప్పి చూస్తారు. అడుగు ఎంత ఉబ్బుగా ఉంది, ఇసుకలో దిగబడుతుందా, జారిపోతుందా, బరువు చేతికి ఎలా తెలుస్తోంది అని. బజారులో అలాంటి క్లబ్బే లేని రోజుల్లో ఆ ప్రశ్నలన్నీ ఒంటరిగా వేసుకున్న మనిషి సారజెన్.

వడ్రంగి ఇల్లు, ఉన్నవాళ్ల మైదానం

ఆయన అసలు పేరు యూజీనియో సరచేనీ. 1902 ఫిబ్రవరి 27న న్యూయార్క్ రాష్ట్రంలోని హారిసన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి ఫెడెరికో వడ్రంగి పని చేసేవారు. కొడుకు కూడా ఆ పనే నేర్చుకోవాలని ఆయన పట్టుదల. గోల్ఫ్ అంటే ఆయనకి గిట్టేది కాదు. అది ఉన్నవాళ్ల కాలక్షేపం, మనలాంటి వాళ్లకి కూడు పెట్టేది కాదన్నది ఆయన నమ్మకం. ఆ రోజుల్లో అది మొండితనమేమీ కాదు, కళ్ల ముందు కనిపించే నిజం.

కుర్రాడు ఎనిమిదేళ్ల వయసులో క్యాడీగా చేరాడు. (తెలుగులో కేడీ అంటే పోలీస్ స్టేషన్ గోడ మీద ఫొటో ఉన్న మనిషి గుర్తొస్తాడు కాబట్టి క్యాడీ అని రాయడమే మేలు.) ఆటగాడి క్లబ్బుల సంచి మోయడం, బంతి ఎక్కడ పడిందో వెతికి పెట్టడం క్యాడీ పని. అనుభవం వచ్చాక దూరం అంచనా కట్టి, ఏ దెబ్బకి ఏ క్లబ్ తీయాలో సలహా కూడా చెబుతాడు. రై పట్టణంలోని అపవామిస్ క్లబ్‌లో సరచేనీతో పాటు సంచులు మోసిన ఇంకో పిల్లాడు ఎడ్ సలివాన్. తర్వాతి కాలంలో అమెరికాలో ఆదివారం రాత్రి టీవీ అంటే ఆ సలివాన్ కార్యక్రమమే.

గోల్ఫ్ మైదానానికీ దాని పక్కనున్న క్లబ్ భవనానికీ మధ్య అప్పట్లో కనిపించని కంచె ఒకటి ఉండేది. ఆటను వృత్తిగా చేసుకున్నవాళ్లు ఎంత గొప్పగా ఆడినా భవనంలోకి ముందు గుమ్మం నుంచి రాకూడదు. మనవాళ్లకి ఇదేమీ కొత్త సంగతి కాదు. బంగాళా నాగపూర్ రైల్వేలో కొలువుల కోసం తెలుగువాళ్లు బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడిన రోజుల్లో రైల్వే కాలనీల్లో దొరలకొక ఇన్‌స్టిట్యూట్, దేశీయ సిబ్బందికి వేరే ఇన్‌స్టిట్యూట్ ఉండేవి. ఇంజిన్ నడవడానికి అందరి చేతులూ కావాలి, సాయంత్రం కుర్చీలు మాత్రం వేరు. అమెరికాలో పెద్ద పోటీ జరిగే క్లబ్ ఒకటి వృత్తి ఆటగాళ్లకి తలుపులు తెరవడం 1920లో, ఒహైయోలోని ఇన్వర్నెస్‌లో మొదలైంది. పద్దెనిమిదేళ్ల సారజెన్ ఆడిన మొదటి యూఎస్ ఓపెన్ కూడా అదే.

అక్కడిదాకా రావడానికి ముందు ఆయన చావు అంచుదాకా వెళ్లొచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బడి మానేసి తండ్రితో పాటు పనిలో దిగారు. కనెటికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో రెమింగ్టన్ ఆయుధ కర్మాగారంలో పనిచేస్తుండగా న్యుమోనియా పట్టుకుంది. ఊపిరితిత్తుల చుట్టూ చీము చేరింది. పెన్సిలిన్ ఇంకా కనిపెట్టని కాలం. శస్త్రచికిత్స చేసి చీము తీశారు. బతికి బయటపడ్డాక డాక్టర్లు ఒకటే చెప్పారు, రంపపు పొట్టు, దుమ్ము మధ్య నాలుగు గోడల లోపల పని వద్దు, గాలి తగిలే చోట పని వెతుక్కోమని. తండ్రి కాదన్న ఆటను అలా జబ్బు అవుననిపించింది.

బ్రిడ్జ్‌పోర్ట్‌లోని బీర్డ్‌స్లీ పార్క్ అనే ప్రజా మైదానంలో ఆడుతూ ఒకే దెబ్బకి బంతిని గుంటలో వేశాడు కుర్రాడు. మర్నాడు పత్రికలో పేరు పడింది. అచ్చులో ఆ పేరు చూసుకుంటే వయొలిన్ వాయించే మనిషి పేరులా అనిపించిందట. దాంతో యూజీనియో సరచేనీ కాస్తా జీన్ సారజెన్ అయ్యారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మార్చుకోవడం వెనక ఇంకో సంగతి కూడా ఉంది. ఆనాటి అమెరికా గోల్ఫ్‌లో వృత్తి ఆటగాళ్లంటే ఎక్కువగా స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లే. ఇటాలియన్ పేరుతో ఉద్యోగం దొరకడం తేలిక కాదు.

ఇరవై ఏళ్లకే, 1922లో, షికాగో శివార్లలోని స్కోకీ మైదానంలో యూఎస్ ఓపెన్ గెలిచారు. చివరి రౌండ్‌లో 68 కొట్టి, బాబీ జోన్స్‌ను, జాన్ బ్లాక్‌ను ఒక్క దెబ్బ తేడాతో వెనక్కి నెట్టారు. అదే ఏడాది పీజీఏ చాంపియన్‌షిప్, మరుసటి ఏడాది ఆ కాలపు రారాజు వాల్టర్ హేగన్‌ను ఓడించి మళ్లీ పీజీఏ. ఇక ఆయనకి ఎదురులేదని అందరూ అనుకున్నారు. ఆయన కూడా అనుకున్నారు. కానీ ఆ తర్వాత తొమ్మిదేళ్లు పెద్ద పోటీ ఒక్కటీ చేతికి రాలేదు.

గునపం నుంచి పడవ అడుగు దాకా

గోల్ఫ్ మైదానంలో కావాలని తవ్వి ఇసుక పోసిన గుంటలుంటాయి. వాటిని బంకర్లంటారు. బంతి అందులో పడితే దాన్ని బయటికి తీసి, జెండా ఉన్న పచ్చటి తివాచీ లాంటి గ్రీన్ మీదికి చేర్చాలి. 1920లలో దీనికి వాడే క్లబ్ పేరు నిబ్లిక్. ఇనప తల బాగా వెనక్కి వాలి ఉంటుంది, అంచు మాత్రం పలచన, పదును. ఇసుక మీద దాన్ని ఆడిస్తే గునపంలా దిగబడిపోయేది. దిగబడకూడదని ఇసుకను తాకకుండా నేరుగా బంతినే కొట్టబోతే ఆ నాజూకుతనం వందలో పదిసార్లు కూడా కుదరదు. వెంట్రుకవాసి తేడా వస్తే బంతి ఉన్నచోటే ఉంటుంది, లేదంటే గ్రీన్ దాటి అవతల పడుతుంది.

సారజెన్ మిగతా ఆట బాగున్నా బంకర్ అంటే గుండె జారేది. ఆ భయం బంకర్‌లో పడ్డాక మొదలయ్యేది కాదు. వంద గజాల అవతల, జెండా వైపు గురి పెట్టేటప్పుడే మొదలయ్యేది. బంకర్ పక్కన జెండా ఉంటే దానికి దూరంగా, క్షేమంగా కొట్టాలనిపించేది. క్షేమంగా కొట్టేవాళ్లు పెద్ద పోటీలు గెలవరు.

ఈ చిక్కు ఆయనొక్కడిదే కాదు. 1920ల చివర్లో ఒకరు ముఖం గరిటలా లోపలికి గుంటపడ్డ క్లబ్ తయారు చేశారు. 1930 బ్రిటిష్ ఓపెన్‌లో బాబీ జోన్స్ చివరి రౌండ్‌లో ఒక కీలకమైన బంకర్ దెబ్బకి దాన్నే వాడారు. ఆ గుంట ముఖంతో ఒక చిక్కుంది. ఒకే ఊపులో బంతిని రెండుసార్లు తాకే అవకాశం ఉంటుంది. కొట్టినట్టు కాక, గరిటతో తోడి పోసినట్టు. 1931లో దాన్ని నిషేధించారు. ఆ నిషేధం సబబైనదే.

1931 చివరి చలికాలం సారజెన్ ఫ్లోరిడాలోని న్యూపోర్ట్ రిచీలో గడిపారు. అప్పుడు జరిగినదాన్ని ఆయన జీవితాంతం ఒకే రకంగా చెబుతూ వచ్చారు. హోవర్డ్ హ్యూస్ అనే సంపన్నుడు, విమాన పిచ్చి, సినిమా పిచ్చి, గోల్ఫ్ పిచ్చి మూడూ ఉన్నవాడు, ఆయన్ను విమానంలో తీసుకెళ్లాడు. పైకి లేచేటప్పుడు తోక కిందికి దిగింది, ముక్కు పైకి లేచింది. సారజెన్‌కి అక్కడ తట్టింది. క్లబ్ వెనక భాగం కిందికి, ముందు అంచు పైకి ఉంటే? ఇసుకలోకి వెళ్లిన క్లబ్ దిగబడకుండా దానంతటదే పైకి లేవాలి కదా?

ఈ విమానం కథ మరీ ముచ్చటగా ఉందని అనుమానించేవాళ్లు ఉన్నారు. అడుగు మందంగా ఉన్న క్లబ్బులు అంతకుముందు కూడా చేశారనీ, సారజెన్‌ను ఏకైక సృష్టికర్త అనడం సరికాదనీ వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. పనిముట్ల చరిత్రలో ఒక్కడే కన్న బిడ్డ అరుదు. అయితే అడుగుకి ఆ వాలు ఎంత ఉండాలో తేల్చి, దానికి తగిన ఊపు కనిపెట్టి, అత్యంత పెద్ద వేదిక మీద గెలిచి చూపింది మాత్రం సారజెనే.

ఆయన చేసిన పని చాలా మామూలుది. దుకాణంలో సీసం, టంకం సామాను కొనుక్కొచ్చారు. నిబ్లిక్ అడుగున, వెనక వైపు, సీసం కరిగించి అతికించారు. ఆకురాయితో అరగదీశారు. బయటికెళ్లి ఇసుకలో కొట్టి చూశారు. మళ్లీ లోపలికొచ్చి కాస్త గీశారు, కాస్త అతికించారు. రోజుల తరబడి అదే పని. బిలాస్‌పూర్ లోకో షెడ్డులోనో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులోనో జీవితం గడిపిన ఏ ఫిట్టర్‌కైనా ఈ పద్ధతి వివరించి చెప్పనక్కర్లేదు. కొలత కాగితం మీద ఉండదు. చెయ్యి చెప్పేదాకా గీస్తూ పోవడమే. తండ్రి నేర్పబోయిన వడ్రంగం అక్కరకి రాలేదని అనుకున్నారు కానీ, చిత్రిక పట్టేవాడి ఓపిక కొడుక్కి వచ్చింది.

చివరికి తయారైన క్లబ్ బరువైంది. అడుగు వెడల్పుగా, బొద్దుగా ఉండేది. వెనక అంచు ముందు అంచు కన్నా కిందికి దిగి ఉండేది. దాన్ని వాడాలంటే పాత అలవాటును తలకిందులు చేయాలి. బంతిని కొట్టకూడదు. బంతికి ఒకటి రెండు అంగుళాల వెనక ఇసుకను కొట్టాలి, గట్టిగా, ఆగకుండా. బొద్దు అడుగు ఇసుకను పడవ అడుగు నీటిని తోసినట్టు తోసుకుంటూ జారి పైకి వస్తుంది. బంతిని క్లబ్ తాకనే తాకదు. కింది నుంచి లేచిన ఇసుక దొంతరే దాన్ని ఎత్తి బయట పడేస్తుంది. చేతికి తెలిసే తీరు కూడా మారిపోతుంది. నిబ్లిక్‌తో కొడితే ఇసుకలో ఇరుక్కున్న కుదుపు మణికట్టు దాకా వచ్చేది. దీంతో కొడితే మెత్తని చప్పుడు, ఎక్కడా ఆగని ఊపు. తప్పు చేయడానికి కాస్త చోటు దొరికింది. అర అంగుళం అటూ ఇటూ అయినా బంతి బయటికి వస్తుంది. తొమ్మిదేళ్ల కరువు తీరింది ఆ అర అంగుళంలోనే అంటే అతిశయోక్తి కాదు.

కొత్త క్లబ్ చేతికి వచ్చాక గంటల కొద్దీ ఇసుకలో గడిపారు. బంకర్‌లోంచి రెండు దెబ్బల్లో ముగిస్తానని పందెం కాసేటంత ధైర్యం వచ్చాక గానీ ఆగలేదు.

డేనియల్స్

ఆ క్లబ్‌తో శాండ్‌విచ్ వెళ్లిన సారజెన్‌కి అక్కడ ఒక పాత బాకీ ఉంది.

1928లో బ్రిటిష్ ఓపెన్ అక్కడే, పక్క మైదానం రాయల్ సెయింట్ జార్జెస్‌లో జరిగింది. ఓడలో అట్లాంటిక్ దాటుతూ సారజెన్ ఈ పోటీ ఎలాగైనా గెలవాలని ఉందని హేగన్‌తో అన్నారు. హేగన్ ఉదారంగా తన క్యాడీని ఇచ్చాడు. పేరు డేనియల్స్, స్కిప్ అని పిలిచేవారు. అప్పటికే ముసలివాడు. సముద్రం గాలి ఏ పూట ఎటు తిరుగుతుందో, ఏ దిబ్బ వెనక ఏముందో చూడకుండా చెప్పగలడు. అంతా సవ్యంగా సాగుతుండగా రెండో రౌండ్‌లో 14వ గుంట దగ్గర బంతి పొడుగు గడ్డిలో పడింది. డేనియల్స్ ఇనప క్లబ్‌తో నెమ్మదిగా బయటికి తీయమన్నాడు. సారజెన్ వినలేదు. కర్ర తల ఉన్న పెద్ద క్లబ్ లాక్కుని కొట్టారు. బంతి గడ్డి దాటలేదు. కోపంలో మళ్లీ అదే పని చేశారు. ఆ గుంటకి ఏడు దెబ్బలయ్యాయి. పోటీ రెండు దెబ్బల తేడాతో హేగన్ పరమైంది. విడిపోయేటప్పుడు ముసలి క్యాడీ కళ్లలో నీళ్లు. తాను పోయేలోగా సారజెన్‌ను ఇక్కడే గెలిపిస్తానని మాటిచ్చాడు.

నాలుగేళ్ల తర్వాత సారజెన్ తిరిగొచ్చేసరికి డేనియల్స్ బాగా కుంగిపోయి ఉన్నాడు. చూపు తగ్గింది, నడక తగ్గింది. అతన్ని పెట్టుకోవద్దని స్నేహితులు చెప్పారు. సారజెన్ వాళ్ల మాట విని ఒక కుర్ర క్యాడీని పెట్టుకున్నారు. డేనియల్స్ ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు. తర్వాత ప్రాక్టీస్‌లో ఆట కుదరలేదు. కుర్రాడికీ ఆటగాడికీ పొసగలేదు. పోటీకి కాస్త ముందు సారజెన్ మనసు మార్చుకుని ముసలాయనకి కబురు పెట్టారు.

ఆ తర్వాత నాలుగు రౌండ్లు ఆయన జీవితంలోనే అతి తేలికైన ఆట. 70, 69, 70, 74. మొత్తం 283, బ్రిటిష్ ఓపెన్‌లో అప్పటికి రికార్డు. మొదటి రోజు నుంచి చివరిదాకా ఆధిక్యం పోలేదు. రెండో స్థానంలో ఉన్న మెక్‌డొనాల్డ్ స్మిత్ ఐదు దెబ్బలు వెనకబడ్డాడు. గాలి సంగతి డేనియల్స్ చూసుకున్నాడు, ఇసుక సంగతి సంచిలోని కొత్త క్లబ్ చూసుకుంది. ఈసారి క్యాడీ ఏ క్లబ్ తీసి ఇస్తే దాంతోనే కొట్టారు.

కప్పు తీసుకునేటప్పుడు డేనియల్స్ తన పక్కన నిలబడొచ్చా అని సారజెన్ అడిగారు. ఇది ఇద్దరి గెలుపు కదా అని. నిర్వాహకులు మర్యాదగానే కాదన్నారు. అలాంటి ఆనవాయితీ లేదట. సీసం అతికించిన క్లబ్‌ను వాళ్లు చూసీ చూడనట్టు వదిలేశారు. ముఖం చదునుగానే ఉంది కాబట్టి నిబంధనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. క్యాడీ దగ్గరికి వచ్చేసరికి ఆనవాయితీ అడ్డొచ్చింది. సారజెన్ తన మంచి కోటు ఒకటి డేనియల్స్‌కి ఇచ్చారు. అది తొడుక్కుని ముసలాయన సైకిలెక్కి వెళ్లిపోయాడు. మరి కొన్ని నెలలకే చనిపోయాడు.

వంద దెబ్బలు, ఇరవై ఎనిమిది గుంటలు

రెండు వారాలు తిరగకుండానే న్యూయార్క్‌లోని ఫ్రెష్ మెడోలో యూఎస్ ఓపెన్. అది సారజెన్ కొన్నేళ్లు ఉద్యోగం చేసిన మైదానమే. ప్రతి గ్రీన్‌ను బంకర్లు చుట్టుముట్టి ఉంటాయి. విచిత్రంగా మొదటి రెండు రౌండ్లు ఆయన పాత పద్ధతిలోనే, జాగ్రత్తగా, బంకర్లకి దూరంగా ఆడారు. 74, 76. అలా అయితే గెలుపు దక్కేది కాదు. మూడో రౌండ్ మధ్యలో జాగ్రత్త పక్కన పెట్టి నేరుగా జెండాలకి గురిపెట్టడం మొదలెట్టారు. బంకర్‌లో పడితే పడనీ, బయటికి తీసే పనిముట్టు ఉందిగా! చివరి 28 గుంటలు సరిగ్గా 100 దెబ్బల్లో ముగించారు. ఆఖరి రౌండ్ 66. ఒకే ఏడాది బ్రిటిష్, అమెరికన్ ఓపెన్లు రెండూ గెలవడం అంతకుముందు బాబీ జోన్స్‌కే సాధ్యమైంది.

1933లో మూడోసారి పీజీఏ. 1935లో, ఇప్పుడు మాస్టర్స్ అని పిలుచుకునే అగస్టా పోటీలో, 15వ గుంట దగ్గర 235 గజాల దూరం నుంచి ఫోర్ వుడ్‌తో కొట్టిన బంతి నేరుగా గుంటలోకి దొర్లింది. మూడు దెబ్బల లోటు ఒక్క దెబ్బతో పూడింది. మర్నాడు క్రెయిగ్ వుడ్‌తో 36 గుంటల ప్లేఆఫ్‌లో గెలిచారు. నాలుగు పెద్ద పోటీలూ గెలిచిన మొదటి మనిషి అయ్యారు. ఆ లెక్క వేయడం అప్పటికింకా ఎవరికీ అలవాటు కాలేదు. చూసింది పాతిక మందికి మించని ఆ దెబ్బ మాత్రం గోల్ఫ్ చరిత్రలోనే పేరు మోసింది. జీవితమంతా ఆ ఒక్క దెబ్బ తప్ప ఇంకేమీ చేయనట్టు జనం మాట్లాడుతుంటే ఆయనకి చిరాకుగా ఉండేది.

ఆ రోజు ఆయన సంచి మోసిన నల్లజాతి క్యాడీని స్టవ్‌పైప్ అనే ముద్దుపేరుతోనే చరిత్ర గుర్తుపెట్టుకుంది. అగస్టాలో దశాబ్దాల పాటు క్యాడీలంతా నల్లవాళ్లే. అమెరికా పీజీఏ సంఘం తెల్లవాళ్లకే సభ్యత్వమని నిబంధనల్లో రాసుకున్నది 1934లో, తీసేసింది 1961లో. వలస వడ్రంగి కొడుకు పేరు మార్చుకుని దాటగలిగిన గుమ్మాన్ని వాళ్లు ఏ పేరుతోనూ దాటలేకపోయారు. మన దేశంలో క్యాడీల నీడ నుంచి వచ్చిన ఢిల్లీ ఆటగాడు అలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచింది 1991లో. ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడు కూడా ఆయనే.

బంకర్ల రోషం తగ్గిందా?

విల్సన్ కంపెనీ సారజెన్ క్లబ్‌ను ఆర్-90 పేరుతో 1933లో బజారులోకి తెచ్చింది. కుర్రతనంలో ఆ కంపెనీతో కుదిరిన ఒప్పందం డెబ్భై అయిదేళ్లు, అంటే ఆయన పోయేదాకా నడిచింది. క్రీడా ప్రపంచంలో అంత పొడుగు ఒప్పందం ఇంకొకటి కనిపించదు.

సణిగినవాళ్లూ ఉన్నారు. బంకర్ అంటే శిక్ష, ఆ శిక్షను పనిముట్టు తేలిక చేసేస్తే ఇక నైపుణ్యం ఏముందని. ఈ తగువు ప్రతి ఆటలోనూ ఉంది. 1979లో పెర్త్ టెస్టుకి డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్ పట్టుకొస్తే బ్యాట్ చెక్కతోనే ఉండాలని మర్నాటి ఏడాది క్రికెట్ నియమం రాశారు. కానీ సారజెన్ వెడ్జ్ నైపుణ్యాన్ని తీసేయలేదు, చోటు మార్చింది. బంతిని బయటపడేయడం మామూలైపోయాక, దాన్ని జెండాకి మూరెడు దూరంలో ఆపడం ఎలా అన్నది కొత్త విద్య అయింది. గెలుపు ఇచ్చిన ధీమాతో ఆయన ఇంకో అడుగు ముందుకేసి, నాలుగుంపావు అంగుళాల గుంటను ఎనిమిది అంగుళాలు చేయాలని ప్రచారం చేశారు. ఫ్లోరిడాలో ఒక పోటీలో ప్రయత్నించి చూశారు కూడా. అది ఎవరికీ నచ్చలేదు. నచ్చకపోవడమే మంచిదైంది.

ఈ రోజు మంచి ఆటగాడి సంచిలో మూడో నాలుగో వెడ్జ్‌లుంటాయి. 1938లో అమెరికా 14 క్లబ్బుల పరిమితి పెట్టింది కాబట్టి ఒకటి పెంచుకుంటే ఇంకొకటి వదులుకోవాలి. సారజెన్ సీసంతో వెతుక్కున్న ఆ వాలుకి ఇప్పుడు బౌన్స్ అని పేరు. డిగ్రీలు లెక్కగట్టి క్లబ్ మీదే చెక్కి అమ్ముతారు. మెత్తటి ఇసుక, తడి నేల అయితే ఎక్కువ బౌన్స్, గట్టి నేల అయితే తక్కువ. ముఖం మీది గీతలు బంతికి గిరగిరా తిరుగుడు ఇస్తాయి. ఇసుకలో ఆడినకొద్దీ అవి అరిగిపోతాయి. అందుకే మిగతా క్లబ్బులు పదేళ్లు వాడేవాళ్లు కూడా వెడ్జ్‌లు మాత్రం ముందే మార్చేస్తారు. ఆ గీతలు మరీ పదునెక్కుతున్నాయని 2010లో వాటికీ హద్దు గీశారు. కొత్త వెడ్జ్ చేతికొచ్చిన మొదటి వారం బంతి అనుకున్నదానికన్నా ముందే ఆగిపోతుంటే, చెయ్యి మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

ట్రూన్

1924లో పెళ్లాడిన మేరీతో సారజెన్ 1986లో ఆమె పోయేదాకా కలిసి బతికారు. పొలం కొనుక్కుని సేద్యం కూడా చేయడంతో తోటివాళ్లు ఆయన్ను పల్లెటూరి పెద్దమనిషి అనే అర్థంలో స్క్వైర్ అని పిలిచేవారు. మోకాళ్ల కిందికి బిగిసే పాతకాలపు ప్యాంట్లు చివరిదాకా మానలేదు. 1960లలో ఆ వేషంతోనే షెల్ కంపెనీ గోల్ఫ్ టీవీ కార్యక్రమానికి వ్యాఖ్యాతగా కొత్త తరానికి పరిచయమయ్యారు.

ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, 1923లో, ఆయన మొదటిసారి బ్రిటిష్ ఓపెన్ ఆడబోయింది స్కాట్లండ్‌లోని ట్రూన్‌లో. అమెరికా చాంపియన్ అన్న పేరుతో వెళ్లి, తుపాను గాలిలో అర్హత పోటీలోనే ఇంటిదారి పట్టారు. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1973లో, అదే ట్రూన్‌కి పాత చాంపియన్‌గా పిలుపొచ్చింది. వయసు 71. ఎనిమిదో గుంట చిన్నది, 126 గజాలు. గ్రీన్ ఎంత ఇరుకంటే దానికి పోస్టేజ్ స్టాంప్ అని పేరు. చుట్టూ లోతైన బంకర్లు. మొదటి రోజు ఫైవ్ ఐరన్‌తో కొట్టిన బంతి ఒకే దెబ్బకి గుంటలో పడింది. టీవీ కెమెరాలు చూశాయి, ప్రపంచం చూసింది.

మర్నాడు అక్కడే కొట్టిన బంతి బంకర్‌లో పడింది. సారజెన్ ఇసుకలోకి దిగి, బంతికి కాస్త వెనక ఇసుకను కొట్టారు. బంతి పైకి లేచి, గ్రీన్ మీద పడి, దొర్లి గుంటలోకి వెళ్లింది. రెండు రోజుల్లో ఆ గుంటకి మొత్తం మూడు దెబ్బలు. గ్రీన్ మీద వాడే పుట్టర్ సంచిలోంచి బయటికే రాలేదు.

1999 ఏప్రిల్‌లో, 97 ఏళ్ల వయసులో, అగస్టాలో మాస్టర్స్ మొదలుపెట్టే గౌరవ దెబ్బ కొట్టారు. నెల తిరిగాక మే 13న ఫ్లోరిడాలోని నేపుల్స్‌లో కన్నుమూశారు. చివరికి ఆయన్ను తీసుకెళ్లిన జబ్బు న్యుమోనియా.